లోహంపై కాంతి దున్నిన చాళ్ళు

మన నవాబుపేట పొలాలలో కంది చాళ్ళు సమదూరంలో సాగిపోవడం అందరూ ఎరిగినదే. అక్కడ నాగలి ఉన్నది, దున్నే రైతు ఉన్నాడు. నాగలి లేకయే లోహపు ముఖంపై అటువంటి చాళ్ళను కాంతి ఏర్పరచగలదు. ఆ విధానాన్ని ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

1960లో థియోడర్ మైమాన్ తొలి లేసర్‌ను వెలిగించాడు. 1965లో బిర్న్‌బామ్ అనే శాస్త్రజ్ఞుడు, లేసర్ తాకిన అర్ధవాహకాలపై సన్నని సమాంతర రేఖలను గుర్తించాడు. నేడు ఈ పనికి వాడే లేసర్ స్పందనలను ఫెమ్టోసెకండ్లలో కొలుస్తారు. సెకండులో వందకోట్లవ వంతును మరల పదిలక్షల భాగాలు చేస్తే, అందులో ఒక భాగమే ఫెమ్టోసెకండ్. 100 ఫెమ్టోసెకండ్లలో కాంతి సైతం 30 మైక్రాన్ల దూరమే పోగలదు. అది తలవెంట్రుక మందం కన్న తక్కువ.

ఇక చాళ్ళు పడే కారణాన్ని చూద్దాం. ఎంత నునుపు చేసిన లోహంపైనైనా కంటికి కానరాని గరుకు మిగిలి ఉంటుంది. దానికి తగిలిన కాంతిలో కొంత భాగం, లోహంలోని ఎలక్ట్రాన్ల కదలికతో కలిసి, ఉపరితలం వెంట అలగా సాగుతుంది. ఈ అలకూ పైనుండి పడే కాంతికీ వ్యతికరణం జరుగుతుంది. రెండూ బలపడిన చోట శక్తి హెచ్చుతుంది; బలహీనపడిన చోట తగ్గుతుంది. స్పందన తగలగానే మొదట వేడెక్కేవి ఎలక్ట్రాన్లు. ఆ వేడి పరమాణువులకు చేరేసరికే స్పందన ముగిసిపోతుంది. కనుక వేడి ప్రక్కలకు అంతగా వ్యాపించి నమూనాను చెరిపివేయదు. శక్తి హెచ్చిన చోట లోహం లేచిపోయి చాలు పడుతుంది. స్పందనలు మరల మరల పడగా చాళ్ళు స్పష్టమవుతాయి. 800 నానోమీటర్ల కాంతిని వాడితే, సాధారణంగా చాళ్ళ నడుమ ఎడం దానికి కొంచెం తక్కువగా ఉంటుంది. కాంతి ధ్రువణ దిశను త్రిప్పితే చాళ్ళ దిశ కూడా తిరుగుతుంది.

దీని వలన ప్రయోజనమేమి? ప్రతి పదార్థపు అణువూ కాంతిని తనదైన రీతిలో పరిక్షేపిస్తుందని 1928లో సి.వి. రామన్ కనుగొన్నాడు. ఆ గుర్తు మిక్కిలి బలహీనమైనది. వెండి, రాగి వంటి లోహాలపై లేసర్ మలచిన సూక్ష్మ నిర్మాణాలు దానిని అనేక రెట్లు పెంచుతాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం ఇట్టి లోహపు ఫలకాలను తయారుచేసి, పిక్రిక్ ఆమ్లం వంటి ప్రేలుడు పదార్థాల లేశమాత్రపు జాడలను పసిగట్టింది. 2007లోను, 2013లోను బాంబు ప్రేలుళ్ళలో బిడ్డలను కోల్పోయిన నగరానికి ఈ పరిశోధన విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులారా! దీనికంతటికీ మూలం మీ పాఠ్యగ్రంథంలోని వ్యతికరణ పాఠమే. పరీక్ష కొరకు వల్లెవేసి విడువక, జంట చీలికల ప్రయోగాన్ని స్వయంగా చేసి చూడండి. అందుకు తగిన పరికరాలను ప్రయోగశాలలో సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము.