కార్డ్‌లెస్ ఫోను: కలియని పిలుపు, నడుమ శబ్దము

ప్రశ్న: మా యింటి కార్డ్‌లెస్ ఫోనులో, వచ్చిన కాల్స్ పట్టికనుండి మా యబ్బాయి సెల్ నంబరును తిరిగి పిలిచినచో కలియుటలేదు. మాటలాడుచుండఁగా నడుమ ‘బీప్’ మని వినవచ్చునదేమి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరము

జవాబు: అమ్మా, దోషము మీ ఫోనునందు లేదు. 2021 జనవరి 15 నుండి మన దేశమున ల్యాండ్‌లైను నుండి సెల్‌ఫోనునకు చేయు ప్రతి కాలునకును ముందు సున్న చేర్చుట నియమమైనది. కాని పట్టికలో నిలిచియుండునది తఱచు పదియంకెల నంబరు మాత్రమే యగుటచేత, దానిని యథాతథముగా పంపినచో ఎక్స్ఛేంజి అంగీకరింపదు. కావున కుమారుని నంబరును సున్నతోఁ గూడ ఫోన్‌బుక్కులో భద్రపఱచుకొని, అచ్చటినుండియే పిలువుఁడు.

ఇఁక ఆ శబ్దము, మీ లైనునకు కాల్ వెయిటింగు సౌకర్యమున్నచో, వేఱొకరు మీకై వేచియున్నారనుటకు సూచన. అప్పుడు ‘ఫ్లాష్’ అనియో ‘ఆర్’ అనియో వ్రాసియున్న మీటను ఒక్కసారి నొక్కి విడిచినచో, లైను క్షణములో అల్పభాగము మాత్రము తెగి, ఆ సంకేతమును గ్రహించిన ఎక్స్ఛేంజి మొదటివారిని నిలిపి రెండవవారిని కలుపును. కొన్ని లైన్లయందు వెంటనే 2 అంకెను గూడ నొక్కవలసియుండును. ఆపత్సమయమున కబురు తప్పిపోకుండఁ జేయు నీ మీటను ఇంటిలోని వృద్ధులకు తప్పక చూపవలెను. తొందరలో ఎఱ్ఱని మీటను నొక్కితిరా, మొదటి సంభాషణయే తెగిపోవును.