పన్ను విరిగిన గేరు: కొమరోలు లేత్ దగ్గర నేర్చుకున్నవి

మా కొమరోలులో టేబుల్ ఫ్యాను మెడ తిప్పడం మానేసినా, కుట్టుమిషను కిర్రుమని ఆగిపోయినా, మూత విప్పితే చాలాసార్లు కనిపించేది ఒకటే. తెల్లటి ప్లాస్టిక్ గేరు, దానికి రెండు మూడు పళ్లు లేవు. ఆ గేరొక్కటే విడిగా దొరకదు. గిద్దలూరు, మార్కాపురం కొట్లన్నీ తిరిగి, నంద్యాల దాకా పోయి వట్టిచేతులతో వచ్చినవాళ్లు చివరికి మా వసారాలోకి వస్తారు. అక్కడ నాకొక చిన్న లేత్, డ్రిల్లింగ్ మిషను, వైసు ఉన్నాయి. ఈమధ్య కుర్రాళ్లు కూడా ఇళ్లలో చిన్న లేత్‌లు పెట్టుకుంటున్నారు. ఇది వాళ్ల కోసం.

1. పన్ను ఊరికే విరగదు. ఎందుకు విరిగిందో తెలియకుండా గేరు బాగుచేస్తే అది నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. పక్కపక్కన రెండు పళ్లు మొదలంటా తెగి, మిగతావి కొత్తవాటిలా ఉంటే ఏదో ఒక్కసారిగా బిగుసుకుపోయిందన్నమాట. కుట్టుమిషనైతే షటిల్‌కు దారం చుట్టుకుని ఉంటుంది. ఫ్యానైతే తిరుగుతుండగానే ఎవరో మెడ పట్టుకుని వంచి ఉంటారు, లేదా లోపలి గ్రీజు ఎండి దుమ్ముతో గట్టిపడి ఉంటుంది. పళ్లన్నీ ఒకవైపే అరిగి సన్నబడితే బుష్ పోయి షాఫ్టు పక్కకు జరిగినట్టు.

ఇంకో రకం ఉంది, అది సులభంగా దొరకదు. పళ్లన్నీ ఉంటాయి, కానీ చుట్టుకొకసారి టక్కుమంటుంది. గేరును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. షాఫ్టు రంధ్రం నుంచి రెండు పళ్ల మధ్యదాకా వెంట్రుకవాసి చీలిక కనిపిస్తుంది. స్టీలు షాఫ్టు మీద బిగువుగా దిగ్గొట్టిన ప్లాస్టిక్, ఏళ్ల తరబడి ఆ బిగువును మోసి పగులుతుంది. చీలిక దగ్గర పళ్ల సందు పెరుగుతుంది, చప్పుడు అందుకే. ఇక్కడ పళ్లను ముట్టుకోవద్దు. రంధ్రాన్ని ఒక్క పిసరు పెద్దది చేసి, గేరు బాసు (షాఫ్టు రంధ్రం చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీద సన్నటి ఇత్తడి రింగు బిగిస్తే చీలిక మూసుకుంటుంది.

2. ఇత్తడితో చేసిపెట్టమని అడుగుతారు. ఒప్పుకోకండి. అక్కడ ప్లాస్టిక్ పెట్టింది ఖర్చు తగ్గించడానికే కాదు. ఇంట్లో కరెంటు ఫ్యూజు చేసే పనే అదీ చేస్తుంది. లేత్‌లో టూలు చక్కుకు తగిలినప్పుడు హెడ్‌స్టాక్‌లోని నైలాన్ గేరు తెగి, స్పిండిల్‌నీ మోటారునీ కాపాడుతుంది. ఇత్తడి పెడితే ఆ దెబ్బ ఇంకోదాని మీద పడుతుంది, దాని ఖరీదు గేరుకు ఎన్నో రెట్లు.

3. ఏ ప్లాస్టికో తేల్చుకోండి. విరిగిన ముక్కను మంచినీళ్లలో వేయండి. తేలితే పాలిథీనో, పాలీప్రొపిలీనో. మునిగితే గ్లాసెడు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి అందులో వేయండి. నైలాన్ సాంద్రత 1.14, ఆ ఉప్పునీళ్లది దాదాపు 1.2, కాబట్టి గాజుపీచు కలపని నైలాన్ తేలుతుంది. డెల్రిన్ అని మనం పిలిచే ఎసిటాల్ సాంద్రత 1.41, అది అడుక్కే పోతుంది. ముక్కకు గాలిబుడగలు అంటుకోకుండా చూసుకోవాలి.

4. జిగురును నమ్ముకోవద్దు. నైలాన్, ఎసిటాల్ రెండూ జారుడు గుణం ఉన్నవి. ఫెవిక్విక్ గానీ అరాల్డైట్ గానీ పైపైన పట్టుకుని, బరువు పడగానే పెచ్చులా ఊడిపోతాయి. పన్ను నిలవాలంటే లోపలికి వేరు ఉండాలి.

నైలాన్ గేరుకు ఒకటి రెండు పళ్లు పోతే నేను చేసే పని ఇది. మొండిని ఆకురాయితో చదును చేసి, గేరు కేంద్రం వైపుకు మిల్లీమీటరు రంధ్రాలు రెండు మూడు వేస్తాను. డ్రిల్ నిదానంగా తిరగాలి, లేకపోతే రంధ్రం కరిగి పెద్దదవుతుంది. అందులో ఇత్తడి పిన్నులు బిగువుగా దించి, కొసలు పన్ను ఎత్తుకు కొంచెం లోపలే ఉండేట్టు కోస్తాను. వాటి చుట్టూ సోల్డరింగ్ ఐరన్‌తో నైలాన్ కరిగించి పోస్తాను. వైర్లు కట్టే కేబుల్ టై మామూలుగా నైలానే, పోతకు అది చక్కగా సరిపోతుంది. కొత్త నైలాన్ పోయడం కాదు ముఖ్యం, అడుగునున్న పాత నైలాన్ కూడా కరిగి కలవాలి. చల్లారాక సన్న ఆకురాయితో పన్ను దిద్దాలి. కొలతకు, మంచి పళ్లమీద వాజిలైన్ పూసి ఎం-సీల్ అదిమి అచ్చు తీసుకోండి. ఆ అచ్చును కొత్త పన్నుమీద పెడితే ఎక్కడ ఎక్కువుందో తెలిసిపోతుంది.

ఎసిటాల్‌కు మాత్రం ఐరన్ తగిలించవద్దు. కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. దానికి పావురంతోక ఆకారంలో, అడుగున వెడల్పుగా గాడి కోసి, అదే ప్లాస్టిక్ ముక్కను పక్కనుంచి బిగువుగా తోసి, పిన్ను వేయాలి.

5. వరసగా నాలుగైదు పళ్లు పోతే కొత్త గేరే చేయండి. బయటి వ్యాసాన్ని, పళ్ల సంఖ్యకు రెండు కలిపి, దాంతో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. 24 పళ్లు, 26 మిల్లీమీటర్లు ఉంటే ఒకటో మాడ్యూల్. పన్ను లోతు దానికి 2.25 రెట్లు. పళ్లు బేసి సంఖ్యలో ఉంటే ఒక పన్నుకు ఎదురుగా సందు ఉంటుంది, వెర్నియర్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు రంధ్రం అంచు నుంచి పంటి కొనదాకా కొలిచి, రంధ్రంలో సగం కలిపి, రెట్టింపు చేయాలి.

గేరు కట్టర్లు ఒక్కో మాడ్యూల్‌కు ఎనిమిది ఉంటాయి, అన్నీ కొనలేం. హైస్పీడ్ స్టీల్ బిట్టును పాత గేరు సందుకు సరిపోయేట్టు అరగదీసి ఫ్లై కట్టర్‌గా వాడండి. బిట్టును సందులో పెట్టి వెలుతురుకు చూస్తే ఎక్కడా గీత కనిపించకూడదు. డివైడింగ్ హెడ్ లేకపోయినా దిగులు లేదు. లేత్‌లోని 60 పళ్ల గేరును, కోయాల్సిన ముక్క ఉన్న ఇరుసుకే బిగించి, మూడు పళ్లకొకసారి ఆపితే 20 పళ్లు వస్తాయి, రెండింటికి ఆపితే 30.

6. కొత్త గేరు కోయడానికి నైలాన్, ఎసిటాల్ రాడ్లు విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతాయి. నీళ్లు తగిలే మిషన్లకు ఎసిటాల్ తీసుకోండి, నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది.

7. మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. 50 మిల్లీమీటర్ల నైలాన్ గేరు 20 డిగ్రీలు వేడెక్కితే 0.08 మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. జనవరిలో బిగువుగా కూర్చోబెట్టిన గేరు మేలో పట్టేస్తుంది. గేర్లను జరుపుకునే వీలున్నచోట రెండింటి మధ్య నోటుపుస్తకం కాగితం పెట్టి దగ్గరికి జరిపి బిగించి, తర్వాత కాగితం లాగేయండి. ఆ తర్వాత పళ్లకు మార్కర్ సిరా పూసి, కరెంటు ఇవ్వకుండా చేత్తో తిప్పండి. సిరా పంటి నడుమ చెరిగితే గ్రీజు రాసి మూత వేయవచ్చు. కొనల్లోనే చెరిగితే గేర్లు దూరమైనట్టు, మళ్లీ విప్పి దగ్గరికి జరపండి.