డయలప్ నుంచి డేటా చట్టం దాకా

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ను 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ అందుబాటులోకి తెచ్చింది. ఫోన్ లైన్ మీదే కనెక్షన్ కాబట్టి, ఒకరు నెట్‌లో ఉంటే ఇంటికి వచ్చే ఫోన్లన్నీ ఎంగేజే.

అసలు మలుపు 2016. ఏప్రిల్‌లో ఎన్‌పీసీఐ చెల్లింపుల వ్యవస్థ యూపీఐని తెచ్చింది, సెప్టెంబరు 5న జియో 4జీ సేవలు మొదలయ్యాయి. చవక డేటా, చేతిలో స్మార్ట్‌ఫోన్ కలిశాక టీ కొట్టుకు కూడా కార్డు మెషీన్ అక్కర్లేకపోయింది. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ చాలు. ఈ కోడ్‌ను 1994లో జపాన్ సంస్థ డెన్సో వేవ్ కారు విడిభాగాల లెక్క కోసం రూపొందించింది. 5జీ మాత్రం 2022 అక్టోబరు 1న ప్రారంభమైంది.

వ్యాపారికి లాభమే, మరి వాడేవారి వివరాల సంగతి? వ్యక్తిగత గోప్యత 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. దాని తర్వాతే 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. తన సమాచారాన్ని సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కు ఇందులో ఉంది. 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. గరిష్ఠ జరిమానా రూ.250 కోట్లు.

పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ తడబడేది ఇక్కడే: ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది పుట్టస్వామి కేసులో కాదు, 2015 నాటి శ్రేయా సింఘాల్ కేసులో. అది గోప్యతకు కాదు, భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించిన తీర్పు.