గ్రామ జనసంఖ్య: లెక్కను చదువు విధము

మీ గ్రామమున ఎందరు కలరని పంచాయతీ సభ్యుని అడిగినచో ఆయన వెంటనే ఒక అంకె చెప్పగలరు. వారు ఎవరెవరని అడిగినచో తడుముకొనువారే పెక్కురు. పంచాయతీ పనులకు మొదటి ప్రశ్నకంటె రెండవదే ముఖ్యమని మనవి చేయుచున్నాము.

హైదరాబాదు నుండి కరీంనగరము పోవు బాటపై శామీర్‌పేట కలదు. 1951-52లో ఆచార్య ఎస్. సి. దూబే నాయకత్వమున ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందము ఈ గ్రామమును పరిశీలించెను. ఆ వివరములు 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథముగా వెలువడినవి. సేద్యము చేయు కాపులు, మందలు కాచు గొల్లలు, నేతపని సాలెలు, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగు వృత్తులవారు, ముస్లిములు, మాల మాదిగలు అందు కానవత్తురు. ఒకరి పనిపై ఒకరు ఆధారపడి జీవించుచున్నను, మాల మాదిగల ఇండ్లు ఊరికి ఎడముగా నుండెడివి. మొత్తపు అంకె ఒక్కటే ఈ ఎడమును చూపజాలదు. మంచినీరు ఏ వాడకు అందలేదో తెలియవలెనన్న వాడవారీ లెక్క కావలెను.

జనాభా లెక్కల గ్రామ పట్టికలో స్త్రీ పురుషులు, ఏడేండ్లు నిండని పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలు, అక్షరాస్యులు, పనివారు వేర్వేరుగా చూపబడుదురు. అక్షరాస్యతా శాతమును ఏడేండ్లు నిండినవారిలోనే లెక్కింపవలెను. ఉదాహరణకు 600 మంది గల గ్రామమున 80 మంది చిన్నపిల్లలు, 312 మంది అక్షరాస్యులు కలరనుకొందము. 312ను 600తో భాగించి 52 శాతమనుట తప్పు. 520తో భాగింపగా వచ్చు 60 శాతమే సరియైనది. ఆ 520 మందిలో స్త్రీ పురుషులు చెరిసగమై, చదువు వచ్చినవారు పురుషులలో 182, స్త్రీలలో 130 అయినచో, పురుషులలో 70 శాతము, స్త్రీలలో 50 శాతము తేలును. వయోజన విద్య ఎవరికి ముందు కావలెనో ఈ లెక్కయే చెప్పును.

ఈ అంకెలపై పంచాయతీ స్థానములును ఆధారపడి యున్నవి. రాజ్యాంగము 243-డి అధికరణము ప్రకారము షెడ్యూల్డు కులములకు, తెగలకు వారి జనసంఖ్య నిష్పత్తిని బట్టి స్థానములు కేటాయింపబడును. అందుకు కడపట ప్రకటింపబడిన జనగణన అంకెలే ప్రమాణము. కనుక ఒక వాడ లెక్కకు తప్పిపోయినచో, ఆ నష్టము మరల జనగణన జరుగువరకు నిలుచును.

సాధారణముగా తప్పిపోవువారు వలస కూలీలు. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు గణన జరిగెను. ఆ దినములన్నిటను ఊర లేనివారిని తామున్న చోటనే లెక్కింపవలెనని నియమము. ఇటుక బట్టీలకు పోయినవారు అచ్చటను చెప్పుకొనకున్నచో ఏ లెక్కలోను చేరరు.

2025 జూన్ 16 నాటి ప్రకటనలో, మంచు ప్రాంతములు మినహా దేశమంతటికి 2027 మార్చి 1 తదుపరి జనగణనకు ప్రమాణ దినముగా నిర్ణయింపబడినది. కులముల వివరములును అందు సేకరింపవలెనని కేంద్ర ప్రభుత్వము నిశ్చయించినది. ఏ జనగణనకైనను ముందుగా సభ్యులు తమ వార్డులోని ప్రతి ఇల్లు, శివారు గుడిసెలతో సహా, ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. వలస పోవువారికి ఉన్నచోటనే పేరు చెప్పుకొనుడని ముందే తెలుపవలెను. గణకునికి దారి చూపవలెను. ఎవరిని ఏ కులమని వ్రాయవలెనో చెప్పుట మాత్రము సభ్యుల పని కాదు. అది ఆ కుటుంబము వారే చెప్పవలసినది.