మన కౌంటర్‌కు రానివాళ్లు

కరెంటు బిల్లుల ఫిర్యాదులు తీసుకునే సీట్లో పదేళ్లు కూర్చున్న ఉద్యోగిని అడగండి. మీటర్లన్నీ తప్పులే చూపిస్తాయనో, జనమంతా గొడవకే వస్తారనో అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. బిల్లు సరిగ్గా వచ్చిన మనిషికి ఆ సీటు దగ్గర పనే ఉండదు, అందుకే ఆయన కంటపడడు. బ్యాంకులో రికవరీ చూసేవారికి అప్పు ఎగ్గొట్టేవాళ్లే లోకం. మీ సీటు నుంచి ఎవరు కనిపిస్తారో, ఎవరు కనిపించరో ఒకసారి ఆలోచించండి.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో జరిగిన ఒక మీటింగ్‌ను నేను తరచూ గుర్తుచేసుకుంటాను. మర్నాడు ఉదయం ఛాలెంజర్ వ్యోమనౌక బయలుదేరాలి. ఫ్లోరిడాలో చలి గట్టిగా ఉంది. బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ ఇంజనీర్లు, వారిలో రోజర్ బోజొలే, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చలి ఎక్కువుంటే ఎగరనివ్వద్దని పట్టుబట్టారు. బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోతాయని వారి భయం. చలికీ దెబ్బకీ సంబంధం ఏదని నాసా అధికారులు నిలదీశారు. అప్పుడు పోల్చి చూసినవి రింగులు దెబ్బతిన్న ప్రయాణాలు మాత్రమే. వాటిలో చలి రోజులూ ఉన్నాయి, వెచ్చని రోజులూ ఉన్నాయి. సంబంధం తేలలేదు. చివరికి కంపెనీ పెద్దలు సరేనన్నారు. మర్నాడు 36 డిగ్రీల చలిలో ఎగిరిన నౌక 73 సెకన్లకే ముక్కలైంది. అందులోని ఏడుగురూ చనిపోయారు.

విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, ఏ దెబ్బా తగలని ప్రయాణాలను కూడా లెక్కలోకి తీసుకుంది. 66 డిగ్రీలు, ఆపైన ఉన్న 20 ప్రయాణాల్లో మూడింటిలోనే రింగులకు దెబ్బ. 65 లోపు ఉన్నవి నాలుగైతే, నాలుగింటిలోనూ దెబ్బే! ఆ వివరాలు ముందు రాత్రికే ఉన్నాయి. ఇబ్బంది పెట్టని ప్రయాణాలు కనుక ఎవరూ వాటిని పైకి తీయలేదు.

ఇంజనీర్ల భయం నిజమే, కానీ భయం ఒక్కటే చాలలేదు. అందుకే అనుభవాన్ని పక్కన పెట్టమని నేను అనను. దానికి తోడుగా మిగతా లెక్క తీసుకెళ్లమంటాను. రివ్యూకు వెళ్తూ ‘ఈ నెల పన్నెండు ఫిర్యాదులు’ అని రాసుకుంటే, ఎన్ని పనులు చేస్తే పన్నెండు వచ్చాయో పక్కనే రాయండి. ఆ అంకె దొరకకపోతే ‘అందరూ’, ‘ఎప్పుడూ’ అనే మాటలు కొట్టేయండి.

మీరు పై అధికారి అయితే జూనియర్లను, ఫీల్డులో తిరిగేవారిని ముందు మాట్లాడించండి. సారు అభిప్రాయం తెలిశాక మన ఆఫీసుల్లో ఇంకెవరూ నోరు విప్పరు. అదే కమిషన్‌లో సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్, నౌక కూలే అవకాశం గురించి నాసాలో వాకబు చేస్తే, మేనేజ్‌మెంట్ లక్షలో ఒకటి అంది. పనిచేసే ఇంజనీర్లు వందలో ఒకటి దాకా ఉంటుందన్నారు. ఒకే సంస్థ, ఒకే నౌక. అంత తేడా మన ఆఫీసులోనూ ఉండొచ్చు, అడిగితేనే బయటపడుతుంది.

రేపు ఎవరి గురించైనా ‘ఇతనెప్పుడూ ఆలస్యమే’ అని మెమో రాయబోయే ముందు హాజరు పట్టీ తెరవండి. టైముకు వచ్చిన రోజులు కూడా లెక్కపెట్టండి.