గూడ వేయుటయందు దేహముల పొందిక

యంత్రములు లేని చోట్ల, లోతు తక్కువగానున్న కాలువనుండి గాని కుంటనుండి గాని నారుమడికి నీరెక్కించుటకు గూడ మిక్కిలి యుపయోగకరమైన సాధనము. దానికి నాలుగు త్రాళ్ళుండును. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగ నిలిచి, ఒక్కొక్కరు రెండేసి త్రాళ్ళు పట్టుకొని నీరు పోయుదురు. ఆరోగ్యవంతుడు దినమంతయు నిలుకడగ నీయగల శక్తి యొక అశ్వశక్తిలో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైన శక్తిని వ్యర్థము గాకుండ వాడుకొనుటకు బలముకంటె పొందికయే ముఖ్యము.

చేతుల కండరములు చిన్నవి. తొడల కండరములు పెద్దవి. చేతులతో మాత్రమే లాగువాడు శీఘ్రముగ నలసిపోవును. కావున గూడ మునుగునప్పుడు మోకాళ్ళను కొంచెము సడలించి, వీపును గూని చేయక, తుంటికడ ముందునకు వంగవలెను. గూడ నిండిన పిమ్మట చేతులను చాచియే యుంచి, పాదములను నేలపై గట్టిగ నూని, దేహమును వెనుకకు వాల్చవలెను. అప్పుడు మనుష్యుని బరువే గూడను పైకి లాగును. గట్టు చేరినప్పుడు మాత్రమే చేతులు మడిచి నీటిని కుమ్మరింపవలెను. ఖాళీయైన గూడ వెనుకకు ఊగునప్పుడు దాని నాపక, ఆ యూపుతోనే మరల ముంచవలెను.

ఇద్దరి కదలికయు నొక్కటిగ నుండవలెను. ఒకడు ముందుగ లాగినయెడల గూడ యొరిగి నీరు చిందును. రెండవవాని నడుము మెలిపడును. గూడలో 8 లీటర్లు పట్టుననియు, నిమిషమునకు 15 మారులు పోయుదురనియు అనుకొందము. గంటకు 7,200 లీటర్లగును. మారునకు 1 లీటరు చిందినచో గంటకు 900 లీటర్లు, మూడు గంటలకు 2,700 లీటర్లు నష్టము. ఒక గుంట నారుమడిలో 2 సెంటీమీటర్ల నీరు నిలుపుటకు సుమారు 2,000 లీటర్లు చాలును. అనగా పొందిక లేనందున ఎండకాలమున నొక గుంట నారు ఎండిపోవచ్చును.

రైతులు గమనింపవలసిన సంగతులు:

1. నాలుగు త్రాళ్ళును సమానమైన పొడవు గలవై యుండవలెను.

2. సాధ్యమైనంతవరకు సమానమైన యెత్తు గలవారిని జతగ నిలుపవలెను.

3. బిగ్గరగ లెక్క పెట్టుచు గాని పాట పాడుచు గాని పని చేసిన కదలిక తప్పదు.

4. పూర్తిగ నలయకముందే కొంతసేపు విశ్రమింపవలెను. నీరు కుమ్మరించుటలో నడుము ఎల్లప్పుడు నొక ప్రక్కకే తిరుగును గావున, విశ్రాంతి తరువాత ఇద్దరును స్థలములు మార్చుకొనవలెను.

5. బలవంతుని వేగమునకు రెండవవాడు పరుగిడరాదు. ఇద్దరిలో నెమ్మదియైనవాని లెక్కనే ఇద్దరును అనుసరింపవలెను.