బాడీ ఏ చెక్కో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో ఒక స్క్వైయర్ ప్రెసిషన్ బేస్ కొన్నాను. నల్ల రంగు. బాడీ ఆల్డర్ చెక్కేనని అమ్మినాయన గట్టిగా చెప్పారు. మా బ్యాండ్‌లో గిటార్ వాయించే స్నేహితుడేమో అది అగాథిస్ అంటున్నాడు. వెనకవైపు కాస్త రంగు గీకి చూడమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రంగు జోలికి మాత్రం వెళ్లకండి. ఒకసారి గీకితే ఆ మచ్చ కనబడకుండా సరిచేయడం కష్టం, రేపు అమ్మబోతే ధర కూడా తగ్గుతుంది. పైగా ఆ అవసరమే లేదు. తీగలు వదులుచేసి పిక్‌గార్డ్ విప్పండి. వాల్యూమ్, టోన్ నాబ్‌లు దానికే బిగించి ఉంటాయి కాబట్టి వైర్లు తెగకుండా మెల్లగా ఎత్తాలి. లోపలి గుంతల్లోనూ నల్లరంగు పూసి ఉంటే స్క్రూ రంధ్రాల అంచులు చూడండి. అదీ చాలకపోతే నెక్ స్క్రూలు నాలుగూ విప్పి, నెక్ కూర్చునే గాడిని పగటి వెలుగులో పరీక్షించండి.

యాష్ అయితే ఇట్టే తెలిసిపోతుంది. లేత రంగు మీద స్పష్టమైన చారలు, వాటి వెంబడి కంటికి కనిపించే సన్నని రంధ్రాలు ఉంటాయి. మహాగని ఎర్రటి గోధుమ రంగు, దానికీ రంధ్రాలుంటాయి. పాప్లర్‌లో తరచు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. బాస్‌వుడ్ పాలిపోయినట్టు ఉంటుంది, చారలు దాదాపు కనబడవు, గోరు గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది.

మీ తగాదా వచ్చిన రెండు చెక్కలే అసలు చిక్కు. ఆల్డర్, అగాథిస్ రెండింటికీ పైకి కనిపించే రంధ్రాలు లేవు, రెండూ లేత గోధుమ రంగువే. ఆల్డర్‌లో కాస్త నారింజ ఛాయ, మెత్తగా మెలికలు తిరిగే చారలు ఉంటాయి. అగాథిస్ మరీ సాదాగా, నిటారు చారలతో ఉంటుంది. అరచేయంత మేర కనబడితే తేడా చెప్పవచ్చు. గోరంత గాడి చూసి ఒట్టేసి చెప్పేవారిని నేను నమ్మను. అప్పుడు సీరియల్ నంబర్‌తో తయారైన సంవత్సరం, దేశం తెలుసుకుని, ఆ ఏటి కంపెనీ వివరాలతో సరిచూడండి. మోడల్ పేరొక్కటే సరిపోదు. స్క్వైయర్ అఫినిటీ పేరుతోనే వేర్వేరు కాలాల్లో అగాథిస్, ఆల్డర్, పాప్లర్ బాడీలు వచ్చాయి.

పూత కూడా కొంత చెబుతుంది. 1951లో ఫెండర్ మొదటి ప్రెసిషన్ బేస్‌ను యాష్‌తో చేసింది. 1956 ప్రాంతంలో చాలా రంగులకు ఆల్డర్‌కు మారినా, చారలు బయటికి కనిపించే బ్లాండ్ పూతకు మాత్రం యాష్‌నే ఉంచుకుంది. మీ నల్లరంగు కింద ఏ చెక్కయినా ఉండవచ్చు.

బరువు చూసి మాత్రం తేల్చకండి. మిసిసిపీ దిగువ చిత్తడి నేలల్లో పెరిగిన యాష్ తేలిక. అదే యాష్ వేరేచోట పెరిగితే మోయలేనంత బరువు.

ఒకటి సూటిగా చెబుతాను. బేస్ శబ్దంలో తీగలు, పికప్‌లు, మీ వేళ్లు చేసే తేడా ముందు ఈ రెండు చెక్కల తేడా చాలా చిన్నది. ఆల్డర్ అని చెప్పి ఎక్కువ ధర తీసుకుని ఉంటే అమ్మినాయనను నిలదీయండి. శబ్దం నచ్చితే మాత్రం హాయిగా వాయించుకోండి.

ప్రశ్న: నా బేస్ పైభాగంలో అందమైన చారలు తేనె రంగులో మెరుస్తుంటాయి. బాడీ అంతా ఆ చెక్కేనా?

జవాబు: అంచు చూడండి. పైనున్న చార అంచు దాటి పక్కకు కొనసాగితే అసలు చెక్కే. అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, పక్కన వేరే చెక్క కనిపిస్తే పైన అతికించింది వెనీర్. అంచు చుట్టూ ముదురు రంగు పూసి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. పికప్ విప్పి గుంత గోడ పైఅంచును చూడండి, పలుచని పొర ఉంటే అక్కడ బయటపడుతుంది.